పసీతా అబాద్‌ని వలసవాళ్ల చిత్రకారిణి అనొచ్చా? తన కుటుంబానికి, తనవాళ్లకి ఆమె చేసిందేమిటి?

కొత్తగా చదివేవాళ్లకి కూడా అందాలి కాబట్టి మీరు అడిగింది ముందు నా మాటల్లో చెబుతాను. 2024లో న్యూయార్క్‌లోని మోమా పీఎస్1 మ్యూజియంలో, ఫిలిప్పీన్స్‌లో పుట్టిన చిత్రకారిణి పసీతా అబాద్ ప్రదర్శనకి మీరు, మీ హాస్పిటల్లో పనిచేసే ఫిలిప్పీన్స్ నర్సు కలిసి వెళ్లారు. అంతంత పెద్ద గుడ్డల మీద ఆ రంగులు, అద్దాలు, పూసలు చూసి మీకు సంతోషం వేసింది. మీ స్నేహితురాలికి మాత్రం ఒక బొమ్మ ముందు కళ్లనీళ్లు వచ్చాయి. ఇంటికొచ్చి పసీతా జీవితం చదివాక మీకు అనుమానం మొదలైంది. అమ్మానాన్నలిద్దరూ దేశ చట్టసభలో సభ్యులు, భర్త అభివృద్ధి రంగంలో ఆర్థికవేత్త, తను అరవైకి పైగా దేశాలు తిరిగింది. ఇలాంటి మనిషి ఇళ్లల్లో పాచిపని చేసుకునే వలసవాళ్ల తరఫున ఎలా నిలబడుతుంది? కుటుంబం, సమాజం అంటూ ఆమె గురించి రాసేదంతా పోయినవాళ్లని పొగిడే మర్యాదేనా? ఇదీ మీ ప్రశ్న.

నా జవాబు: అనొచ్చు. గట్టిగానే అనొచ్చు. కాకపోతే ట్రస్టులు, విరాళాలు, సంఘానికి అధ్యక్షురాలిగా పదవులు వెతికితే ఆమె కనపడదు. తనవాళ్ల కోసం చేసింది ఆమె గుడ్డ మీద, సూదీదారంతో చేసింది. నేను చాలా ఏళ్లుగా శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల కుట్టుకళ నేర్పుతున్నాను. నా క్లాసులకు వచ్చేవాళ్లలో ఫిలిప్పీన్స్ ఆడవాళ్లు ఎప్పుడూ ఉంటారు. పసీతా బొమ్మలు వాళ్లతో కలిసి చూసి, మాట్లాడుకుని నేర్చుకున్నదే నాకు తెలిసింది. అందుకని కుట్టేవాళ్ల వైపు నుంచి చెబుతాను.

ఇంటి సంగతితో మొదలుపెడదాం, మీ అనుమానం అక్కడే ఉంది కాబట్టి. ఆమె 1946 అక్టోబర్ 5న బటానెస్ దీవుల్లోని బాస్కోలో పుట్టింది. ఫిలిప్పీన్స్‌కి ఉత్తరాన చిట్టచివరి దీవులవి. మ్యాపులో చూడండి, మనీలా కంటే తైవాన్ దగ్గర. తుఫాన్ల దెబ్బకి తట్టుకోవాలని అక్కడ మందపాటి రాతి గోడలు లేపి, పైన గడ్డి దట్టంగా కప్పి ఇళ్లు కట్టుకునేవాళ్లు. అక్కడి జనాన్ని ఇవాతాన్‌లంటారు, వాళ్ల భాష వేరు. తండ్రి హోర్హే అబాద్, తల్లి అరోరా ఇద్దరూ వేర్వేరు సమయాల్లో ఆ దీవుల నుంచి ప్రతినిధుల సభకి ఎన్నికైనవాళ్లే. ఇల్లు నిండా పిల్లలు. పసీతా కూడా తండ్రి దారిలో వెళ్లాలనే యూనివర్సిటీ ఆఫ్ ది ఫిలిప్పీన్స్‌లో రాజనీతిశాస్త్రం చదివింది, తర్వాత లా మొదలుపెట్టింది. బొమ్మలు గీయడం అప్పటికి ఆమె ఆలోచనలోనే లేదు.

1969 ఎన్నికలు అన్నీ మార్చేశాయి. ఫెర్డినాండ్ మార్కోస్ రెండోసారి అధ్యక్షుడైన ఎన్నికలవి. బటానెస్‌లో తుపాకులు పట్టుకున్న మనుషులు దిగి ఓటింగ్‌ని చేతుల్లోకి తీసుకున్నారు. దాని మీద మనీలాలో విద్యార్థుల్ని కూడగట్టి నిరసనలు చేసినవాళ్లలో పసీతా ముందుంది. కొద్దిరోజులకే మనీలాలో వాళ్లింటి మీద కాల్పులు జరిగాయి. అమ్మానాన్న భయపడి, స్పెయిన్ వెళ్లి లా పూర్తి చెయ్యమని కూతుర్ని పంపించారు. 1970లో దారిలో బంధువుల్ని చూడ్డానికి శాన్ ఫ్రాన్సిస్కోలో ఆగింది. ఆగినది ఆగినట్టే ఉండిపోయింది.

అందుకే ఆమెది పెట్టెలు సర్దుకుని, చుట్టాలంతా ఎయిర్‌పోర్టు దాకా వచ్చి సాగనంపిన ప్రయాణం కాదు. డబ్బున్న ఇంటి పిల్లే, కానీ తుపాకీ భయంతో ఇల్లు దాటిన పిల్ల. శాన్ ఫ్రాన్సిస్కోలో ఆఫీసులో సెక్రటరీ పని, దాంతోపాటు కుట్టుపని చేసుకుంటూ బతికింది. కాన్వాస్ మీద సూది పెట్టడానికి ఎన్నో ఏళ్ల ముందే సూది ఆమెకి జీతం తెచ్చిపెట్టింది. ఈ సంగతిని చాలామంది ఒక వాక్యంలో దాటేస్తారు. నాకైతే ఆమె గురించి తెలుసుకోవాల్సిన మొదటి సంగతి ఇదే అనిపిస్తుంది.

ఆ రోజుల్లో శాన్ ఫ్రాన్సిస్కో ఎలా ఉండేదో కూడా కొంచెం తెలియాలి. కర్నీ స్ట్రీట్‌లో మనీలాటౌన్ అనే చిన్న పేట ఉండేది. పొలాల్లో, చేపల ఫ్యాక్టరీల్లో ఒళ్లు హూనం చేసుకుని, పెళ్లీ పిల్లలూ లేకుండా ముసలైపోయిన ఫిలిప్పీన్స్ మగవాళ్లు అక్కడి ఇంటర్నేషనల్ హోటల్లో చిన్న చిన్న గదుల్లో ఉండేవాళ్లు. వాళ్లని ఖాళీ చేయించడానికి యజమానులు, ఆపడానికి విద్యార్థులు, సంఘాలవాళ్లు ఏళ్లతరబడి పోరాడారు. చివరికి 1977 ఆగస్టు 4 తెల్లవారుజామున పోలీసులు వచ్చి ఖాళీ చేయించారు. ఇంకోపక్క 1965 వలస చట్టం వచ్చాక నర్సులు, డాక్టర్లు, ఇంజినీర్లు కొత్తగా దిగుతున్నారు. అంటే ఒకే దేశం నుంచి వచ్చిన రెండు తరాల వలస, ఒకే ఊళ్లో, ఒకరి ముఖం ఒకరికి సరిగ్గా తెలియకుండా బతుకుతున్న కాలం అది. పసీతా ఆ ఊళ్లోనే లోన్ మౌంటెన్ కాలేజీలో ఆసియా చరిత్రలో ఎం.ఏ. చేసింది.

తర్వాతి కొన్నేళ్లు త్వరగా చెప్పేస్తాను. 1973లో జాక్ గారిటీ పరిచయమయ్యాడు, తర్వాత ఆమె భర్త ఈయనే. ఇద్దరూ టర్కీ నుంచి ఇరాన్, అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, ఇండియా మీదుగా ఫిలిప్పీన్స్ దాకా, ఎక్కువ భాగం నేల మీదే, దొరికిన బండెక్కి వెళ్లారు. దారి పొడవునా ఆమె చూసింది గుడ్డలు, అల్లికలు, నగలు, వాటిని చేసే ఆడవాళ్ల చేతులు. తిరిగొచ్చాక బర్కిలీలో లా చదవడానికి వచ్చిన అవకాశం వదులుకుని బొమ్మలు మొదలుపెట్టింది. వాషింగ్టన్‌లో కోర్కోరన్ స్కూల్లో, న్యూయార్క్‌లో ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్‌లో నేర్చుకుంది. భర్త ఉద్యోగం వల్ల బంగ్లాదేశ్, సుడాన్, బోస్టన్, మనీలా, మళ్లీ వాషింగ్టన్, జకార్తా, సింగపూర్ ఇలా కాపురాలు మారుతూ వచ్చాయి.

మారిన ప్రతిచోటా ఆమె గీసినవి ఎవరి బొమ్మలో గమనించండి. 1979, 80 ప్రాంతంలో థాయ్‌లాండ్ సరిహద్దులో కంబోడియా శరణార్థుల శిబిరాలకి వెళ్లింది. అక్కడ చూసిన తల్లుల్ని, పిల్లల్ని వరసగా గీసింది. 'ఫ్లైట్ టు ఫ్రీడమ్' ఆ వరసలోదే. తను కూడా ప్రాణభయంతో దేశం దాటిన మనిషి కదా. ఆ మనుషుల దగ్గరికి ఆమెని లాక్కెళ్లింది అదేనని నా నమ్మకం.

ఇక కుట్టు దగ్గరికి వద్దాం. 1980ల మొదట్లో బోస్టన్‌లో గుడ్డ బొమ్మలు కుట్టే ఒక స్నేహితురాలి పని చూసి పసీతా తన పద్ధతి తయారుచేసుకుంది. దాని పేరు ట్రపుంటో. కాన్వాస్ మీద ముందు రంగులు వేస్తుంది. వెనక ఇంకో గుడ్డ పెడుతుంది. రెండింటి మధ్యా దూది లాంటిది కూరి, పైనుంచి చేత్తో కుట్టుకుంటూ వస్తుంది. కూరిన చోటల్లా బొమ్మ ఉబ్బి పైకి లేస్తుంది. దాని మీద బొత్తాలు, గవ్వలు, పూసలు, అద్దం ముక్కలు, ఆ దేశంలో దొరికిన బట్ట ముక్కలు కుడుతుంది. మన ఇళ్లల్లో అమ్మమ్మలు పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టిన బొంత మీద లంబాడీ ఆడవాళ్లు అద్దాలు, గవ్వలు కుడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి, దాదాపు అదే.

ఈ పద్ధతితో ఒక మంచి సౌకర్యం ఉంది. చట్రం అక్కర్లేదు. చాపలా చుట్టి పెట్టెలో పెట్టుకోవచ్చు, విమానంలో తీసుకుపోవచ్చు. దేశాలు మారే మనిషికి, పెద్ద స్టూడియో లేని మనిషికి ఇంతకంటే వీలైనది ఏముంటుంది? నా దగ్గర నేర్చుకునే ఆడవాళ్లు కూడా వంటింటి బల్ల మీదే కుడతారు, పిల్లలు నిద్రపోయాక. ఆ వీలును ఆమె ఎంత దూరం తీసుకెళ్లిందో చూడండి. 'మార్కోస్ అండ్ హిజ్ క్రోనీస్' అనే బొమ్మ దాదాపు 16 అడుగుల ఎత్తు ఉంటుంది. 1985లో మొదలుపెట్టి పదేళ్లు దాని మీద పనిచేసింది. శ్రీలంకలో జబ్బులు వదిలించడానికి చేసే తంతులో వాడే భూతాల ముసుగు ఒకటుంది, మధ్యలో పెద్ద భూతం, చుట్టూ చిన్న భూతాలు. ఆ రూపంలో మార్కోస్‌ని మధ్యలో కూర్చోబెట్టి చుట్టూ అతని మనుషుల్ని పెట్టి కుట్టింది. తన ఇంటి మీద తూటాలు కురిసిన కాలానికి ఆమె ఇచ్చిన జవాబు అదేనని నేను అనుకుంటాను. గుడ్డ, దూది, పూసలు. తీసి పారేసే కోపం అయితే పదేళ్లు కూర్చుని కుట్టరు.

మీ స్నేహితురాలి కళ్లనీళ్ల సంగతికి వస్తాను. ఏ బొమ్మ ముందు నిలబడ్డారో మీరు రాయలేదు. ఆ ప్రదర్శనలో వలస మీద చేసిన బొమ్మలు చాలా ఉన్నాయి. వీటిలో ఎక్కువ 1990ల మొదట్లో వాషింగ్టన్‌లో ఉన్నప్పుడు చేసినవి. ఒకప్పుడు వలసవాళ్లు ఓడలు దిగిన న్యూయార్క్ ఎల్లిస్ ఐలాండ్‌లో వలస మ్యూజియం చూడ్డానికి పసీతా వెళ్లింది. గోడల మీద ఉన్న కథలన్నీ దాదాపుగా యూరప్ నుంచి వచ్చినవాళ్లవే. ఆసియా నుంచి, ఆఫ్రికా నుంచి, లాటిన్ అమెరికా నుంచి వచ్చినవాళ్లు ఎక్కడ? 1992లో 'ఎల్.ఏ. లిబర్టీ' చేసింది. స్టాచ్యూ ఆఫ్ లిబర్టీయే, కానీ చామనఛాయ ఆడమనిషి. పచ్చని రాగి రంగు లేదు, ఒంటి నిండా రంగురంగుల బట్ట, వెనక నుంచి రకరకాల రంగుల్లో కిరణాలు, మెరిసే అలంకారం. మనిషి కంటే ఎత్తు. దాని ముందు నిలబడితే తల ఎత్తి చూడాల్సిందే.

'ఐ థాట్ ది స్ట్రీట్స్ వర్ పేవ్డ్ విత్ గోల్డ్' ఇంకొకటి, 1991లోది. బంగారు వీధులనుకుని వచ్చి ఇళ్లల్లో, షాపుల్లో, ఆస్పత్రుల్లో దొరికిన పని చేసుకునే మనుషుల బొమ్మ. అదే సంవత్సరం చేసిన 'ఇఫ్ మై ఫ్రెండ్స్ కుడ్ సీ మీ నౌ' ఉంది, అందులో ఒకావిడ తను సంపాదించుకున్నవాటి మధ్య నిలబడి ఉంటుంది. ఊళ్లోవాళ్లు ఇప్పుడు నన్ను చూస్తే బాగుండునన్న గర్వం, అందులోనే ఒంటరితనం. ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఇండియాకి ఫోటో పంపేటప్పుడు కారు పక్కన నిలబడే మన అలవాటు మీకు తెలుసు కదా. 'కొరియన్ షాప్‌కీపర్స్'లో పళ్లు, కూరగాయల మధ్య కొట్టువాళ్లు. వీళ్లెవరూ గొప్పవాళ్లు కారు, ఎవరి పేరూ చరిత్రలో లేదు. చర్చిలో సంతుల బొమ్మలకి, రాజమందిరాల్లో రాజుల బొమ్మలకి ఇచ్చేంత స్థలం, అలంకారం పసీతా వీళ్లకి ఇచ్చింది. ఇది చిన్న విషయం కాదు. ఫిలిప్పీన్స్ ఊళ్లల్లో పండగలకి సాంతో నిన్యో (బాల ఏసు) విగ్రహానికి జరీ బట్టలు కుట్టి, పూసలు వేసి అలంకరించే ఆడవాళ్లని నేను ఎరుగుదును. అదే శ్రద్ధతో ఒక పనిమనిషిని అలంకరించిందని వాళ్లకి చెప్పక్కర్లేదు, చూడగానే తెలిసిపోతుంది.

1995లో 'ఫిలిపీనాస్ ఇన్ హాంకాంగ్' చేసింది. హాంకాంగ్‌లో ఇళ్లల్లో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆడవాళ్లకి వారానికి ఒకరోజు సెలవు, ఎక్కువమందికి ఆదివారం. ఉండేది యజమాని ఇల్లు కాబట్టి సెలవు రోజు వెళ్లడానికి సొంత చోటు ఉండదు. అందుకని సెంట్రల్ అనే ఆఫీసుల పేటలో, బ్యాంకుల భవనాల కింద, ఫుట్‌పాత్‌ల మీద అట్టలు పరుచుకుని వేలమంది కూర్చుంటారు. అన్నం పంచుకుంటారు, జడలు వేసుకుంటారు, ఇంటికి పంపే సామాను పెట్టెల్లో సర్దుతారు, పాటలు పాడుకుంటారు. పసీతా ఆ గుంపును కుట్టింది. అదే ఏడాది మార్చి 17న ఫ్లోర్ కాంటెంప్లాసియోన్ అనే ఫిలిప్పీన్స్ పనిమనిషిని హత్య కేసులో సింగపూర్‌లో ఉరితీశారు. ఫిలిప్పీన్స్ మొత్తం రోడ్డు మీదకి వచ్చింది. పసీతా ఆవిడ మీద కూడా ఒక బొమ్మ చేసింది.

ఈ బొమ్మలు మనవాళ్లకి దూరం కాదు. రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కి, మిగతా గల్ఫ్ దేశాలకి ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. ఆ దేశాల్లో అదే పనికి ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాళ్లు పక్కింట్లోనో, ఒక్కోసారి అదే ఇంట్లోనో ఉంటారు. మన ఆడవాళ్లని అంత పెద్ద గుడ్డ మీద, అంత శ్రద్ధగా, పేరున్న మ్యూజియం గోడకెక్కేలా ఎవరైనా గీశారా? నాకు కనపడలేదు. ఎవరైనా చేస్తే బాగుండునని మనసారా కోరుకుంటున్నాను.

ఇక నర్సుల మాట. మీ స్నేహితురాలు నర్సు అన్నారు కాబట్టి ఇది చెప్పాలి. అమెరికాలో రిజిస్టర్డ్ నర్సుల్లో ఫిలిప్పీన్స్ మూలాలున్నవాళ్లు సుమారు 4 శాతం. నేషనల్ నర్సెస్ యునైటెడ్ సంఘం 2020 సెప్టెంబర్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం అప్పటిదాకా కోవిడ్‌తో చనిపోయిన నర్సుల్లో దాదాపు మూడోవంతు వాళ్లే. పసీతా అప్పటికి లేదు, ఆ బొమ్మ ఆమె చెయ్యలేదు. కానీ ఆ రోజుల్లో తోటివాళ్లని పోగొట్టుకున్న మనిషి, తన రంగు ఒంటితో, తన ముక్కు తీరుతో అంత ఎత్తున నిలబడిన ఆడమనిషిని చూస్తే ఏమనిపిస్తుందో అర్థం చేసుకోవడం కష్టం కాదు.

మీ సందేహంలో ఒప్పుకోవాల్సింది కూడా ఉంది. పసీతా చేతిలో ఎక్కడికైనా వెళ్లగలిగే పాస్‌పోర్టు ఉంది, ఆసరాగా భర్త జీతం ఉంది. హాంకాంగ్‌లో ఆదివారం సాయంత్రం ఆ ఆడవాళ్లు యజమాని ఇంటికి తిరిగి వెళ్లాలి, పసీతా తన ఇంటికి వెళ్తుంది. ఈ తేడా చెరిపేయకూడదు. అయితే ఆ సౌకర్యంతో ఆమె ఏం చేసిందన్నది చూడాలి. అదే సౌకర్యం ఉన్నవాళ్లు పూలకుండీలు గీసుకుంటూ హాయిగా బతకొచ్చు, తప్పేమీ లేదు. ఈమె శిబిరాలకి వెళ్లింది, ఫుట్‌పాత్ మీద కూర్చున్నవాళ్ల దగ్గరికి వెళ్లింది. వాళ్లని జాలిగా గీయలేదు. ఆమె వలసవాళ్ల బొమ్మల్లో ఏడుపు ముఖాలు చాలా తక్కువ, వెతికి చూడండి.

సొంతవాళ్ల మధ్య కూడా ఆమెకి అన్నీ సాఫీగా సాగలేదు. 1984లో ఫిలిప్పీన్స్‌లో టీఓవైఎమ్ (టెన్ ఔట్‌స్టాండింగ్ యంగ్ మెన్) అనే పురస్కారం ఇచ్చారు. ఆ పేరులోనే 'యంగ్ మెన్' ఉంది, అప్పటిదాకా అందుకున్నవాళ్లంతా మగవాళ్లే. అందులో మొదటి ఆడమనిషి పసీతా. దాని మీద కొందరు గొడవ చేశారు, పత్రికలకి ఉత్తరాలు రాశారు. ఆమె పురస్కారం తీసుకుని తన పని తను చేసుకుంది. అమెరికాలో ఇబ్బంది ఇంకో రకం. కుట్టుపని కాబట్టి హస్తకళ అన్నారు, రంగులు ఎక్కువ కాబట్టి అలంకారం అన్నారు. ఆడవాళ్లు చేత్తో కుట్టినది కళ కాదనే ఈ పాత అభిప్రాయం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. నా క్లాసులో ఒకావిడ తన పనిని 'ఏదో టైమ్‌పాస్' అని చెప్పుకున్నప్పుడల్లా పసీతా బొమ్మల పుస్తకం తీసి ముందు పెడతాను.

కుటుంబం గురించి అడిగారు. దేశాలు పట్టుకు తిరిగినా బటానెస్‌ని ఆమె వదల్లేదు. 1998లో ఫిలిప్పీన్స్ స్వాతంత్ర్య ప్రకటనకి వందేళ్లు నిండినప్పుడు 'హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ ఫ్రీడమ్: ఫ్రమ్ బటానెస్ టు హోలో' చేసింది. దేశం ఈ కొస నుంచి ఆ కొస దాకా దొరికే బట్టలన్నీ పోగుచేసి ఒక్క బొమ్మలో కలిపి కుట్టింది. మొదలు ఎక్కడినుంచో చూడండి, తను పుట్టిన దీవి నుంచి. ఆ తర్వాత బాస్కో దగ్గర సముద్రం మీదికి చూసే కొండ మీద రాతితో ఇల్లూ స్టూడియో కట్టించుకుంది. తమ్ముడు ఫ్లోరెన్సియో అబాద్ రాజకీయాల్లోకి వెళ్లాడు, 2010 నుంచి 2016 దాకా దేశ బడ్జెట్ మంత్రిగా ఉన్నాడు. ఆయన కొడుకు పీయో అబాద్ మేనత్త దారి పట్టి చిత్రకారుడయ్యాడు. 2024లో బ్రిటన్‌లో టర్నర్ ప్రైజ్ అనే కళా పురస్కారం తుది జాబితాలో నిలిచింది ఈ పీయోనే.

సింగపూర్‌లో ఉండగా ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడింది. చికిత్స నడుస్తుండగానే అక్కడి నది మీద ఆల్కాఫ్ వంతెనకి రంగులు వేసే పని పెట్టుకుంది. 55 మీటర్ల వంతెన, 55 రంగులు, 2,350 చుక్కలూ వలయాలూ. తాళ్ల సాయంతో పనిచేసే బృందాన్ని పెట్టుకుని పూర్తిచేసింది, 2004 జనవరిలో ప్రారంభించారు. జనం నడిచే వంతెన అది, టికెట్ లేదు, గోడ లేదు. ఆ ఏడాది డిసెంబర్ 7న ఆమె చనిపోయింది. వయసు 58. బటానెస్‌లో ఆ స్టూడియో పక్కనే సమాధి చేశారు.

ఇక్కడి నుంచి కుటుంబం చేసిన పని మొదలవుతుంది. 'కుటుంబానికి అంకితం' అనే మాటకి నాకు అసలైన రుజువు ఇదే. ఆమె చేసిన బొమ్మలు వేలల్లో ఉన్నాయి. ఆమె పోయాక ఏళ్ల తరబడి పెద్ద మ్యూజియాలు పట్టించుకోలేదు. జాక్ ఆ బొమ్మల్ని, ఫోటోల్ని, కాగితాల్ని పోగుచేసి, వరస పెట్టి కాపాడుతూ వచ్చాడు. కుట్టిన గుడ్డని కాపాడటం ఎంత తలనొప్పో నేను చెప్పగలను. తేమ తగలకూడదు, పురుగు పట్టకూడదు, మడత పడకూడదు, అద్దాలు ఊడకూడదు. 2018లో మనీలాలోని ఎమ్‌క్యాడ్ మ్యూజియంలో పెద్ద ప్రదర్శన పెట్టినప్పుడు దాన్ని రూపొందించినవాళ్లలో పీయో ఒకడు. 2020లో ఇంగ్లండ్‌లో బ్రిస్టల్‌లోని స్పైక్ ఐలాండ్ అనే కళా కేంద్రంలో ఇంకొకటి జరిగింది. చివరికి 2023 ఏప్రిల్‌లో మినియాపొలిస్‌లోని వాకర్ ఆర్ట్ సెంటర్ ఆమె జీవితకాలపు పనినంతా ఒకచోట చేర్చి చూపించింది. అదే ప్రదర్శన శాన్ ఫ్రాన్సిస్కోకి, మీరు చూసిన న్యూయార్క్‌కి, తర్వాత టొరంటోకి వెళ్లింది. 2024లోనే వెనిస్ బియెనాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో కూడా ఆమె పని పెట్టారు. ఒక మనిషి జ్ఞాపకాన్ని దాదాపు ఇరవై ఏళ్లు భర్త, తమ్ముడు, మేనల్లుడు మోశారంటే, బతికుండగా ఆమె వాళ్లకి ఏమయ్యుంటుందో వేరే చెప్పాలా?

శాన్ ఫ్రాన్సిస్కోకి వచ్చినప్పుడు నా క్లాసులోవాళ్లని తీసుకెళ్లాను. కొన్ని బొమ్మల్ని పైనుంచి వేలాడదీశారు, చుట్టూ తిరిగి వెనక వైపు కూడా చూడొచ్చు. మా వాళ్లు ముందు వెళ్లింది వెనక్కే. కుట్టు ఎక్కడ మొదలైంది, ముడి ఎలా వేసింది, దారం అయిపోయినప్పుడు ఏం చేసింది, అన్నీ అక్కడే కనిపిస్తాయి. రంగుల వైపు చూస్తే చిత్రకారిణి, వెనక చూస్తే జీతానికి కుట్టిన మనిషి. మీరు మళ్లీ ఎక్కడైనా చూసే వీలుంటే తప్పకుండా వెనక్కి వెళ్లండి.

ఎక్కడ చూడాలని అడుగుతారేమో. 'ఎల్.ఏ. లిబర్టీ' వాకర్ ఆర్ట్ సెంటర్ దగ్గర ఉంది, 'ఇఫ్ మై ఫ్రెండ్స్ కుడ్ సీ మీ నౌ' శాన్ ఫ్రాన్సిస్కో మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌ది. లండన్‌లో టేట్ మ్యూజియం దగ్గరా ఆమె పని ఉంది. గుడ్డ బొమ్మలకి వెలుతురు ఎక్కువకాలం పడదు కాబట్టి మ్యూజియాలు కొన్నాళ్లు పెట్టి తీసేస్తుంటాయి. వెళ్లే ముందు వెబ్‌సైట్‌లో చూసి గానీ, ఫోన్ చేసి గానీ వెళ్లండి. బటానెస్‌లో ఆమె ఇల్లు ఇప్పుడు 'ఫుందసియోన్ పసీతా' అనే బస. కుటుంబమే నడుపుతోంది. మనీలా నుంచి బాస్కోకి విమానం ఉంటుంది, కానీ వాతావరణం బాగోకపోతే రద్దవుతుంది. మార్చి నుంచి మే లోపు వెళ్లడం మంచిది, తిరుగు ప్రయాణానికి ఒకటి రెండు రోజులు అదనంగా పెట్టుకోండి.